గడప దాటే సాధన: సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఫిజియోథెరపీ ఎలా పనిచేస్తుంది

మా చెల్లిది ఒడిశాలోని గుణుపురం. వాళ్ళ పాపకు రెండున్నరేళ్ళప్పుడు ఒక థెరపీ గదిలో జరిగిన సంగతి ఇది. పాపను నీలం పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఫిజియో అమ్మాయి ఒడియాలో "గోడొ ఉఠా" అంది. ఒడియాలో గోడొ అంటే కాలు. కాలు ఎత్తమని ఆవిడ అడిగింది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని మా పాప తల తిప్పి గోడ వైపు చూసింది. మళ్ళీ అడిగితే మళ్ళీ గోడనే చూసింది. చెప్పింది అర్థం చేసుకోవడం లేదని ఆవిడ కాగితం మీద రాసుకుంది. ఆ ఒక్క వాక్యం మా వెంటే తిరిగింది. ఆ తర్వాత రెండు ఆసుపత్రుల్లో ఫైలు తెరవగానే డాక్టర్లు ముందు దాన్నే చదివారు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో ఇలాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలకు ఒక ఊళ్ళో ఒడియాలో, ఇంకో ఊళ్ళో ఇంగ్లీషులో, విశాఖ వెళ్తే హడావిడి తెలుగులో విన్న ముక్కలేవీ ఒక్కచోట కూడవు. "ఎక్సర్‌సైజులు చేయించండమ్మా" అన్న మాట మాత్రం అన్నిచోట్లా వినిపిస్తుంది. ఏ ఎక్సర్‌సైజు, ఎందుకు, ఎన్నిసార్లు, చివరికి పిల్ల ఏం చేయగలగాలని? ఇవి కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. నేను డాక్టర్ని కాను, ఫిజియోని కాను. నాలుగేళ్ళుగా ఈ పిల్లను ఎత్తుకుని తిరుగుతూ, చదువుతూ, కనిపించిన ప్రతి థెరపిస్టునీ అడుగుతూ తెలుసుకున్నదాన్ని మా చెల్లికి చెప్పినట్టే ఇక్కడ చెబుతున్నాను.

దెబ్బ ఎక్కడ, బాధ ఎక్కడ

సెరిబ్రల్ పాల్సీని పుస్తకాల్లో మస్తిష్క పక్షవాతం అంటారు. మన ఊళ్ళలో నరాల బలహీనత అంటారు. తికమక సగం ఆ మాటతోనే మొదలవుతుంది. పుట్టేనాటికి కాళ్ళు బాగానే ఉంటాయి, కాళ్ళలోని నరాలూ బాగానే ఉంటాయి. దెబ్బ తగిలేది కదలికల్ని నడిపే మెదడు భాగానికి. అదీ మెదడు ఇంకా ఎదుగుతున్న రోజుల్లో, అంటే కడుపులో ఉండగానో, కాన్పులోనో, పుట్టాక తొలి రోజుల్లోనో. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవక ఆక్సిజన్ అందకపోవడం, పచ్చకామెర్లు ముదిరి మెదడుకు ఎక్కడం, మెదడువాపు లాంటి ఇన్ఫెక్షన్లు మనవైపు తరచూ వినిపించే కారణాలు. చాలామంది పిల్లల్లో ఫలానా అని కారణం తేలదు కూడా. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని ఎన్నాళ్ళుగానో చెబుతున్న లెక్క.

గ్రహణానికీ, తల్లి తిన్న బొప్పాయికీ, పోయిన జన్మకూ దీనితో సంబంధం లేదు. మా చెల్లిని సొంతవాళ్ళే అడిగారు, గ్రహణంనాడు బయటికి వెళ్ళావా అని. పాప ఎనిమిదో నెలలో పుట్టింది. కారణం అక్కడ ఉంది. అయినా ఆ ప్రశ్న మా చెల్లి మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

కాన్పు కష్టమైతే బిడ్డ కాళ్ళు బిగుసుకుపోతాయని 1861లో లండన్ వైద్యుల సభలో విలియం జాన్ లిటిల్ చెప్పాడు. ఆయన ఎముకల వైద్యుడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన పాదమే వంకరపోయింది. చాలాకాలం ఈ జబ్బును లిటిల్ జబ్బు అనే పిలిచారు. తర్వాత 1897లో, మనసు శాస్త్రంతో పేరు పొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇంకో మాట అన్నాడు: బిడ్డలో ముందే ఏదో లోపం ఉండటం వల్లే కాన్పు కష్టమై ఉండవచ్చు కదా అని. ఆ అనుమానం చాలావరకు నిజమేనని ఆ తర్వాత తేలింది. కాన్పు చేసిన నర్సునో, మంత్రసానినో ప్రతిసారీ తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

ఇక అసలు విషయం. మెదడులోని దెబ్బ పెరగదు. కానీ పిల్ల పెరుగుతుంది. ఫిజియోథెరపీ అవసరం అంతా ఈ రెండింటి మధ్య పుడుతుంది.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదిమందిలో సుమారు ఎనిమిదిమందికి కండరాలు బిగుసుకునే రకం ఉంటుంది. మామూలుగా మెదడు కండకు "లాగు" అని చెప్పినట్టే "ఇక చాలు" అని కూడా చెబుతుంది. దెబ్బ తగిలిన మెదడు నుంచి ఆ రెండో కబురు సరిగ్గా దిగదు. పాప మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని ఒక్కసారిగా పైకి నెట్టి చూస్తే పిక్క రాయిలా ఎదురుతిరుగుతుంది, ఒక్కోసారి పాదం టకటకా కొట్టుకుంటుంది. అదే మోకాలు కాస్త వంచి, ఒకటి నుంచి పది లెక్కపెట్టేంత నెమ్మదిగా నెడితే పాదం మెత్తబడి చేతిలోకి వస్తుంది. బిగువు మన వేగాన్ని బట్టి పెరుగుతుంది. ఇది తెలిశాక మా చెల్లి పాపకు పైజమా తొడిగే పద్ధతే మారిపోయింది. ముందు మోకాలు వంచుతుంది, తర్వాత పాదం దూరుస్తుంది. అంతకుముందు పొద్దున్నే అది ఓ కుస్తీ.

బిగువు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరం దాని గురించే మాట్లాడతాం. దాని వెనక కనిపించనిది ఇంకొకటి ఉంది, బలం లేకపోవడం. బిగుసుకున్న కాలు బలమైన కాలని అనుకుంటాం. బలం ఉండదు. పైగా ఒక్క మడమనే కదపాలంటే కుదరదు, మోకాలూ తొడా అన్నీ కలిసి కదులుతాయి. నడక రాకపోవడానికి చాలామందిలో బిగువు కన్నా ఈ రెండే పెద్ద అడ్డం. ఇలాంటి పిల్లలకు బలం పెంచే కసరత్తు చేయిస్తే బిగువు ఇంకా పెరుగుతుందని ఒకప్పుడు భయపడేవారు. 1990ల నుంచి వచ్చిన పరిశోధనలు ఆ భయాన్ని తీసేశాయి.

పెరుగుదల సంగతి కూడా చూడాలి. ఎముక ఎవర్నీ అడగకుండా పెరుగుతుంది. కండ దానితో పాటు సాగాలంటే రోజంతా అటూ ఇటూ పనిచేస్తూ ఉండాలి. బిగుసుకుని ఒకే తీరులో ఉండే కండ వెనకబడిపోతుంది. అందుకే మూడేళ్ళప్పుడు పాదం మొత్తం నేలకు ఆనించిన పిల్ల ఎనిమిదేళ్ళకు మునివేళ్ళ మీద నడవచ్చు. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్ళు బెంగపడతారు. ముదిరింది జబ్బు కాదు, ఎముక కండను దాటి పెరిగింది. ఒక్కసారిగా పొడుగెదిగే పదీ పన్నెండేళ్ళ వయసులో ఇంకా జాగ్రత్తగా ఉండమనేది ఇందుకే.

బల్ల మీద అరగంట

మనవైపు ఫిజియో అంటే అందరికీ తెలిసింది ఒకటే. పిల్లను బల్ల మీద పడుకోబెడతారు, కాళ్ళు చాపుతారు, వంచుతారు, కండల మీద కాసేపు సన్నగా కరెంటు పెడతారు, అరగంట అయ్యాక పంపేస్తారు. పిల్ల ఏడుస్తుంది. తల్లి బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. డబ్బులు కట్టి వచ్చేస్తారు.

ఈ పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. జర్మనీ నుంచి లండన్ చేరిన బెర్తా బోబత్, కారెల్ బోబత్ దంపతులు 1940ల్లో థెరపిస్టు చేతుల సాయంతో పిల్లల బిగువు తగ్గించి, సరైన కదలిక ఎలా ఉంటుందో ఒంటికి తెలియజేయాలన్నారు. అంతకుముందు ఇలాంటి పిల్లల్లో చాలామందిని ఏమీ చేయలేమని వదిలేసేవారు. వాళ్ళను చేతుల్లోకి తీసుకుని పనిచేయడమే అప్పట్లో పెద్ద మార్పు. ప్రపంచమంతా దశాబ్దాల పాటు అదే నేర్చుకుంది, మన కాలేజీల్లోనూ అదే నేర్పారు.

తర్వాత లెక్కలు తీయడం మొదలైంది. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్, ఆమె బృందం 2013లో ఒకసారి, 2020లో మరోసారి సెరిబ్రల్ పాల్సీ చికిత్సలన్నిటి మీదా వచ్చిన పరిశోధనలు కూర్చి, రోడ్డు మీద సిగ్నల్ దీపాల్లాగా రంగులు పెట్టారు. పచ్చ అంటే చేయండి, పసుపు అంటే చూసి చేయండి, ఎరుపు అంటే వద్దు. థెరపిస్టు కదిలిస్తుంటే పిల్ల ఊరికే పడుకుని ఉండే పాత పద్ధతులు ఎరుపు వైపు పడ్డాయి. చేత్తో కొన్ని నిమిషాలు కాళ్ళు సాగదీసినంత మాత్రాన కండ పొడవు పెరగదని తేలింది. పచ్చ వైపు నిలిచినవి చూస్తే వాటన్నిటిలోనూ ఒకటే పోలిక: పిల్ల తనంతట తాను, తనకు కావలసిన పనిని, మళ్ళీ మళ్ళీ చేయడం.

ఈత నేర్పాలని పిల్లాణ్ణి గట్టు మీద పడుకోబెట్టి వాడి కాళ్ళూ చేతులూ మనం ఆడిస్తే ఈత వస్తుందా? వంశధారలో దింపాలి. మునగకుండా పొట్ట కింద చెయ్యి పెట్టాలి, వాడు నీళ్ళు కొట్టుకోవాలి, ఆ చెయ్యి ఎప్పుడు తీయాలో మనకు తెలియాలి. మంచి ఫిజియో చేసే పని అదే. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియడం ఎంత విద్యో, ఎప్పుడు తీయాలో తెలియడం అంతకన్నా పెద్ద విద్య.

దీన్నిబట్టి నూనె మర్దన మానేయమని కాదు. మా అమ్మ ఇప్పటికీ పాపకు నువ్వులనూనె రాసి, నలుగు పెట్టి స్నానం చేయిస్తుంది. పాప హాయిగా నిద్రపోతుంది, ఆ అరగంట వాళ్ళిద్దరిదీ. దానివల్ల నడక వస్తుందని మాత్రం ఆశపడకూడదు. నడవలేని పిల్లల కాళ్ళను బలంగా లాగడం, వంచడం అసలు చేయకూడదు. బరువు మోయని ఎముకలు పెళుసుగా ఉంటాయి, చిన్న లాగుడుకే విరగవచ్చు. అలాగే అసలు కదల్లేని పిల్లల విషయంలో మెల్లగా కాళ్ళు కదపడానికి వేరే ప్రయోజనం ఉంది. తొడలు విడదీయడం కష్టం కాకుండా ఉంటే స్నానం, శుభ్రం, బట్టలు తేలికవుతాయి. ఆ పిల్లకు అదే పెద్ద సుఖం. కరెంటు కూడా అంతే. పిల్ల ఆ కండతో ఏదైనా పని చేస్తున్నప్పుడు తోడుగా పెడితే కొందరికి పనికొస్తుంది. ఊరికే పడుకోబెట్టి పెడితే పిల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు.

మరి కండ పొట్టిపడకుండా ఏం చేయాలి? గంటల తరబడి సాగి ఉండేలా చూడాలి. పాదానికి ప్లాస్టిక్‌తో అచ్చుపోసి చేసే స్ప్లింట్, వారం పది రోజులకు ఒకటి చొప్పున మార్చి వేసే పిండికట్లు, పట్టీలతో నిలబెట్టే చెక్క ఫ్రేము అందుకోసం. స్ప్లింట్ తీశాక చర్మం మీద ఎర్రటి గుర్తు ఉంటే గడియారం చూసుకోండి. అరగంటలోపు మాసిపోతే పరవాలేదు. అప్పటికీ పోకపోతే అక్కడ నొక్కుతోందన్నమాట, తెచ్చినచోటికి తీసుకెళ్ళి సరిచేయించాలి. పిల్ల ఏడుస్తోందని స్ప్లింట్‌ను అటక మీద పడేసిన ఇళ్ళు నేను చూశాను. చాలాసార్లు కారణం ఆ ఎర్రగుర్తే.

ఎంత చేస్తే సరిపోతుంది

వారానికి ఐదుసార్లు థెరపీకి రావాలని ఎవరైనా చెబితే గుణుపురంలో ఉన్న కూలి కుటుంబం ఏం చేయాలి? రాయగడకు వెళ్ళిరావడమంటే ఒక రోజు పని పోయినట్టే. విశాఖ పాసింజరు ఎక్కితే పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా వెళ్ళేసరికి పొద్దుపోతుంది, రాత్రి ఎక్కడుండాలన్న టెన్షన్. నాలుగు వారాలు తిరిగి, అప్పులు చేసి, అయిదో వారం మానేస్తారు. మానేసినందుకు వాళ్ళను తిట్టేవాళ్ళు ఉంటారు.

నాకు ధైర్యమిచ్చిన పరిశోధన ఒకటి ఉంది. 2009లో ఇదే నోవాక్ బృందం ఇంటి దగ్గర తల్లిదండ్రులే చేయించే సాధనను పరీక్షించింది. థెరపిస్టు ఊరికే కాగితం చేతికివ్వకుండా ఇంటివాళ్ళతో కూర్చుని ఏం కావాలో అడిగి, చేసి చూపించి, మధ్యలో పలకరిస్తూ ఉన్నారు. రెండు నెలల పాటు ఆ కుటుంబాలు నెలకు 17 సార్లు, ఒక్కోసారి సుమారు పావుగంట చేయించాయి. పిల్లలు అనుకున్న పనుల్లో స్పష్టంగా ముందుకు వెళ్ళారు. వీళ్ళు రోజుకు నాలుగ్గంటలు చేయించిన తల్లులు కారు. నెలలో సగం రోజులు, ఒక పావుగంట. చేత్తో చేసే ఒక పనిని పిల్ల నేర్చుకోవడానికి మొత్తం మీద సుమారు 14 నుంచి 25 గంటల సాధన పడుతుందని తర్వాత పరిశోధనలు పోల్చి చూసినవాళ్ళు లెక్కగట్టారు. అన్నీ ఒకేసారి మొదలెడితే దేనికీ అన్ని గంటలు దొరకవు. అందుకే ఒకటి రెండు పనులే ఎంచుకోమంటారు.

ఏ పని ఎంచుకోవాలి అన్నది ఇంటివాళ్ళూ, మాట్లాడగలిగితే పిల్లా చెప్పాలి. మొదట్లో మా ఫైలులో ఉన్న లక్ష్యం "బిగువు తగ్గించుట". అది ఎప్పుడు నెరవేరినట్టో ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకు ఒక థెరపిస్టు మా పాపనే అడిగింది, నీకేం కావాలమ్మా అని. పాప టక్కున "అరుగు మీద కూర్చోవాలి" అంది. సాయంత్రం వీధి పిల్లలంతా మా చెల్లి ఇంటి అరుగు దగ్గరే ఆడతారు. పాప గది లోపలి నుంచి చూస్తూ ఉండేది. అరుగు మీదికి వెళ్ళాలంటే గడప దాటాలి. నాలుగు వేళ్ళ ఎత్తు, పాతకాలపు టేకు గడప. అలా మా లక్ష్యం గడప దాటడం అయింది.

తల్లి వచ్చి ఎత్తుకెళ్ళడం కాకుండా పిల్ల గడప దాటాలంటే ఏమేం కావాలి? వాకర్ పట్టుకుని నిలబడాలి, ఒక కాలి మీద క్షణంసేపు బరువు ఆపాలి, రెండో మోకాలు పైకి రావాలి, మడమ గడపకు తగలకుండా పాదం ఎత్తాలి. ఫిజియో వీటిని విడదీసి చూసింది. మొదట చిన్న పీట మీంచి లేచి నిలబడటం, ఒక పూటకు పదిసార్లు. నెల తర్వాత ఇంకా కిందికుండే పీట. తర్వాత నేల మీద కొబ్బరితాడు పరిచి దాన్ని దాటడం, తర్వాత ఇటుక, ఆ తర్వాత అసలు గడప. ప్రతి రోజూ చివర్లో గడప దగ్గరకు తీసుకెళ్ళి సాయంతో ఒక్కసారైనా దాటించమంది. ముక్కలు సాధన చేసినా మొత్తం పని చేస్తేనే వస్తుందని ఆవిడ మాట.

ఇంట్లో ఒక తకరారు వచ్చింది. పాప కాలు గడప మీద పడుతోంది. గడప లక్ష్మి, తొక్కకూడదని వాళ్ళ నాయనమ్మ బాధపడింది. పెద్దావిడ బాధ నిజమైనదే. చివరికి ఆవిడే తేల్చింది: పిల్ల ముందు గడపకు దండం పెట్టుకుంటుంది, తర్వాత దాటుతుంది. వంగి దండం పెట్టి మళ్ళీ లేవడం దానంతట అదే ఓ మంచి కసరత్తని ఫిజియో సంబరపడింది.

మొదటి నెలలోనే అడగాల్సినవి

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1997లో ఈ పిల్లలు ఎంతవరకు కదలగలరో చెప్పే ఐదు మెట్ల వర్గీకరణ ఒకటి తయారుచేశారు. ఒకటో స్థాయి పిల్లలు ఏ సాయం లేకుండా నడుస్తారు, పరుగెడతారు, కాస్త తడబాటు ఉంటుంది అంతే. రెండో స్థాయివాళ్ళు నడుస్తారు, మెట్లకు రెయిలింగ్ కావాలి, గతుకుల్లో కష్టం. మూడో స్థాయికి చేతికర్రో వాకరో కావాలి, దూరమైతే చక్రాల కుర్చీ. నాలుగులో చాలావరకు చక్రాల కుర్చీయే. ఐదులో తల నిలపడానికి కూడా సాయం కావాలి. మా పాపది మూడు. మీ పిల్ల ఏ స్థాయి అని డాక్టర్నో ఫిజియోనో తప్పకుండా అడగండి. ఆ అంకె వినడం చేదుగా ఉంటుంది. కానీ అది తెలియకపోతే ఎవరేం అమ్మినా కొంటాం. ఐదో స్థాయి పిల్లను ఆరు నెలల్లో నడిపిస్తానని ఎవడైనా అంటే అబద్ధం చెబుతున్నాడని అర్థం. ఆ పిల్లకు కావలసినవి వేరు: సరిగ్గా కూర్చోబెట్టే కుర్చీ, నొప్పిలేని నిద్ర, తనకేం కావాలో చెప్పుకునే దారి. వాటిని సాధించడమూ ఫిజియోథెరపీయే.

కూర్చోవడం, పాకడం, నడవడం లాంటి పెద్ద కదలికల్లో తాను చేరగలిగినంత దూరంలో 90 శాతాన్ని ఒకటో స్థాయి పిల్ల సుమారు ఐదేళ్ళకు, ఐదో స్థాయి పిల్ల మూడేళ్ళు నిండకముందే చేరుకుంటుందని 2002లో అదే బృందం చూపించింది. తర్వాత ఏం చేసినా దండగ అని దీని అర్థం కాదు. వచ్చినదాన్ని నిలుపుకోవడం, చేతిపనులు, మాట, బడి అన్నీ ఆ తర్వాత కూడా పెరుగుతాయి. కానీ మొదటి రెండు మూడేళ్ళను "కొందరికి ఆలస్యంగా వస్తుందిలే" అని పోగొట్టుకోకూడదు. అనుభవమున్న వైద్యులు ఆరు నెలలలోపే గుర్తించగలరని 2017 నుంచి అంతర్జాతీయ సూచనలున్నాయి. నాలుగో నెల దాటినా మెడ నిలవకపోవడం, పిడికిళ్ళు ఎప్పుడూ బిగిసే ఉండటం, తొమ్మిది నెలలకు కూర్చోకపోవడం, ఏడాదిలోపే ఒక చేతిని మాత్రమే వాడటం, ఎత్తుకుంటే కాళ్ళు కత్తెరలా పడటం చూస్తే పుట్టినరోజు కోసం ఆగవద్దు.

తుంటి సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తొడ ఎముక గుండు తన గిన్నెలోంచి మెల్లగా బయటికి జరుగుతుంది. ఒకటో స్థాయిలో దాదాపు ఎవరికీ జరగదు, ఐదో స్థాయిలో పదికి తొమ్మిదిమందికి. మొదట్లో నొప్పి ఉండదు, పైకి ఏమీ తెలియదు. తెలిసేసరికి పెద్ద ఆపరేషన్ తప్ప మార్గం ఉండకపోవచ్చు. పట్టుకునే మార్గం ఒక మామూలు ఎక్స్‌రే. స్థాయిని బట్టి ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి. స్వీడన్‌లో 1994 నుంచి ఇలా క్రమం తప్పకుండా చూస్తూ, పూర్తిగా జారిపోయే తుంటులను దాదాపు లేకుండా చేశారు. ఎక్స్‌రే మిషన్ మన దగ్గరా ఉంది. అడిగేవాళ్ళు కావాలి.

బొటాక్స్ సూది గురించి రెండు మాటలు. అది బిగువును మూడు నాలుగు నెలలు తగ్గిస్తుంది. ఆ నెలల్లో సాధన, స్ప్లింట్ లేకపోతే సూది ఖర్చు వృథా. ఇక మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్. సెరిబ్రల్ పాల్సీకి వాటిని చికిత్సగా అమ్మడాన్ని మన దేశపు 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకే వాటిని చికిత్సగా గుర్తించాయి. ఒత్తిడి గదిలో ఆక్సిజన్ ఇవ్వడాన్ని 2001లోనే పరీక్షించారు. మామూలు గాలి కాస్త ఒత్తిడితో ఇచ్చిన పిల్లలకన్నా ఆక్సిజన్ ఇచ్చిన పిల్లలు మెరుగవలేదు. పొలం అమ్మి ఆ గదులకు వెళ్ళకండి.

సరిహద్దులో ఉన్నవాళ్ళం

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, బడుల్లో ఒకసారి పిల్లల్ని చూడాలి. అనుమానం ఉంటే జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. అక్కడ థెరపీకి డబ్బులు కట్టనక్కర్లేదు. ఆ కేంద్రాన్నే డీఈఐసీ అంటారు, ఆ పేరుతోనే అడగండి. పెద్ద పరీక్షలకు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కాలిపర్లు, స్ప్లింట్లు, ఆపరేషన్లకు కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉన్నాయి. భాష కోసం విశాఖ కేజీహెచ్‌కు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడికైనా వెళ్ళండి, కానీ ఒక్కచోటును ఇల్లు చేసుకోండి. ప్రతి కొత్త చోటా థెరపీ మొదటి నుంచి మొదలవుతుంది, పిల్ల జీవితంలో ఆరు నెలలు పోతాయి.

వైకల్యం ఉన్నవాళ్ళకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది. పెన్షన్ మాత్రం మీరు నివాసముండే రాష్ట్రంలోనే. పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నం చుట్టాల ఇంటి చిరునామాతో ప్రయత్నించి రెండు చోట్లా పోగొట్టుకున్నవాళ్ళు తెలుసు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ దాని పరిధిలో ఉంది, థెరపీ ఖర్చుకూ అందులో కొంత ఇస్తారు. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు చదువు ఉచితం. దగ్గర్లోని బడి చేర్చుకోం అనడానికి లేదు.

భాష విషయానికి మళ్ళీ వస్తాను. మాట అర్థం కాని పిల్లను మందబుద్ధి అనుకోవడం ఎంత తేలికో మా ఇంట్లో చూశాం. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో సుమారు సగం మందికి బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉంటుంది. అంటే మిగతా సగం మందికి ఉండదు. ఏ సగమో తేల్చే పరీక్ష ఇంట్లో మాట్లాడే భాషలో జరగాలి. మేమిప్పుడు మొదటి రోజే థెరపిస్టుకు ఒక కాగితం ఇస్తాం. లే, కూర్చో, కాలెత్తు, నెమ్మదిగా, ఇంకోసారి, శభాష్ అన్న మాటలు తెలుగు ఉచ్చారణతో ఒడియా లిపిలో రాసి ఉంటాయి. చాలామంది సంతోషంగా నేర్చుకున్నారు. గోడొ అన్న అమ్మాయి సంగతి చెబితే ఒకాయన నవ్వి, ముందు తన కాలు తట్టి చూపించి తర్వాత అడగడం మొదలుపెట్టాడు. సవర, కుయి లాంటి గిరిజన భాషలు మాట్లాడే తల్లులకు ఇది మనకన్నా కష్టం. వాళ్ళకు ఒడియా కూడా పరాయి భాషే. థెరపీ గది బయట బెంచీ మీద వాళ్ళు పక్కన కూర్చుంటే, మీకు వచ్చినంతలో ఒక మాట కలపండి.

ఇంకొకటి. థెరపిస్టు చేసి చూపించేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. చెయ్యి ఎక్కడ పెట్టారో కనిపించేలా తీస్తూ, మీ గొంతుతో తెలుగులో చెప్పుకుంటూ తీయండి. నెల తర్వాత కాగితం మీది బొమ్మ చూస్తే ఏమీ గుర్తుండదు. ఆ వీడియో చూసే మా బావ నేర్చుకున్నాడు. అప్పటిదాకా సాధన అంతా మా చెల్లి ఒక్కదాని మీదే పడేది, జ్వరం వస్తే ఆగిపోయేది.

మా పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. తలుపు వెనక చెక్క మీద మా చెల్లి సుద్దముక్కతో గీసిన గీతలు ఉన్నాయి, ఐదేసి చొప్పున కట్టలు. సాయం లేకుండా గడప దాటిన రోజుకు అవి నాలుగు వందల ముప్పై. ఆ రోజు వాకర్ ముందు కాళ్ళు బయట పెట్టింది, ఆగింది, కుడి మోకాలు పైకి లాగింది, పాదం గడపకు రాసుకుంటూ అవతల పడింది. ఎడమ కాలు రావడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళ నాయనమ్మ ఊపిరి బిగబట్టి చెయ్యి చాపి కూడా ముట్టుకోలేదు. అరుగు మీద పక్కింటి పిల్ల కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఇప్పుడు అరుగు నుంచి వీధిలోకి మూడు మెట్లు ఉన్నాయి. పాప రోజూ వాటినే చూస్తోంది.